పెరటితోట – పొరుగువాడు



బైబిలు గ్రంథంలో ఒక రాజుకు తన భవనం పక్కనే కూరగాయల తోట వేసుకోవాలని కోరిక పుట్టింది. అందులో తప్పేముంది? రాజైనా ఇంట పండిన ఆకుకూర తినాలనుకోవడం మంచి బుద్ధే కదా! కాని ఆ కోరిక ఎక్కడికి దారితీసిందో రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం చదివినవారికి తెలుసు. ఆహాబు రాజు కన్ను నాబోతు ద్రాక్షతోట మీద పడింది. అది తాతముత్తాతల నాటి భూమి, ఇవ్వనన్నాడు నాబోతు. యెసెబెలు రాణి దొంగసాక్షులను నిలబెట్టి అతణ్ణి రాళ్ళతో కొట్టించి చంపించింది. ఆ తోటను స్వాధీనం చేసుకోబోయిన రాజును ఏలీయా ప్రవక్త అక్కడే నిలదీశాడు.

కూరగాయల తోట వేసుకోవాలనుకోవడం పాపం కాదు. ఆ తోట కోసం ఎవరు నష్టపోతున్నారని ఆలోచించకపోవడమే పాపం. ఈ మాట రాజులకే కాదు, పది కుండీలున్న మనకూ వర్తిస్తుందని నా మనవి.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ ప్రాంతాలు ఒకప్పుడు పొలాలు, తోటలు. పెద్దవాళ్ళకు ఆ పచ్చదనం ఇంకా గుర్తే. తరవాత తరాలకు గుర్తున్నది కొత్తపేట పండ్ల మార్కెట్టు. అది కూడా బాటసింగారం వైపు తరలిపోయింది. ఇప్పుడున్నవి అపార్టుమెంట్లు, మెట్రో స్తంభాలు, గజం స్థలం వదలని ఇళ్ళు. అయినా మన తల్లులు డాబా మీద గోంగూర, బాల్కనీలో కరివేపాకు, మెట్ల పక్కన తులసి, మందారం పెంచుతూనే ఉన్నారు. ఇది మెచ్చుకోదగిన సంగతి. అయితే ‘పర్యావరణానికి మేలుచేసే తోట’ అంటే రసాయనాలు వాడని తోట అని మాత్రమే అనుకుంటే సగమే తెలుసుకున్నట్లు. అసలు ప్రశ్న న్యాయానికి సంబంధించినది. నా గోడ లోపల నేను చేసే పనికి గోడ అవతల మూల్యం చెల్లిస్తున్నది ఎవరు?

పదమూడవ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ సొంత ఆస్తిని గురించి లోతుగా విచారించారు. మనిషి ఆస్తిని సొంతంగా సంపాదించుకోవచ్చు, నిర్వహించుకోవచ్చు, అది న్యాయమే అన్నారు. కాని వాడుక దగ్గరికి వచ్చేసరికి అది తనకొక్కడికే చెందినదన్నట్లు ఉండరాదనీ, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలనీ బోధించారు. దస్తావేజు మీద స్థలం మనది. కాని నీరు, గాలి, పొగ, దోమ దస్తావేజు చదవవు.

మొదట నీటి సంగతి చూద్దాం. 2004 నుంచి నగరానికి కృష్ణా నీరు వస్తున్నది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలలో నడిపించి, మన పక్కనే ఉన్న సాహెబ్‌నగర్‌కు చేర్చుతున్నారు. ఆ గొట్టాలు దాటి వచ్చేది నల్లగొండ నేలను. ఆ జిల్లాలో ఎన్నో పల్లెలు దశాబ్దాల పాటు ఫ్లోరైడు నీళ్ళు తాగాయి. పసివాళ్ళ కాళ్ళు వంకరపోయాయి, పడుచువాళ్ళ నడుములు వంగిపోయాయి. అంత దూరం, అంత కరెంటు ఖర్చుతో వచ్చిన మంచినీటిని పైపు పట్టుకుని మిట్టమధ్యాహ్నం గడ్డి మీద చల్లడం ఏపాటి ధర్మం?

‘మేము బోరు నీళ్ళే వాడుతున్నాం’ అంటారు కొందరు. మన నగరం రాతినేల మీద ఉంది. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన నీరే బోరు నీరు. నా ఇంటి కింది పగులు, పొరుగింటి కింది పగులు ఒకటే కావచ్చు. నేను మరో రెండువందల అడుగులు దించితే అతని మోటారు గాలి కక్కవచ్చు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్ల తవ్వకానికి కట్టుబాట్లు పెట్టింది, వాననీటిని నేలకు ఇంకించమన్నది. చట్టం భయానికి కాదు, పొరుగువాని మీది గౌరవంతో ఇంకుడు గుంత తవ్వుకోవాలి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు కుండీలకు పోయాలి. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరిపోదు. పొద్దున్నే గాని, పొద్దుగూకాక గాని నీళ్ళు పెడితే తక్కువతోనే సరిపోతుంది.

రెండవది పురుగుమందు. మందార మొగ్గకు పిండినల్లి పట్టగానే దుకాణానికి పరుగెత్తి సీసా తెచ్చి కొట్టేస్తాం. పక్క బాల్కనీలో ఆరేసిన బట్టలు, పై అంతస్తులో ఆడుకునే పాప, పూల మీద వాలిన తేనెటీగ మనకు గుర్తుకు రావు. 1984 డిసెంబరులో భోపాల్‌లో ఒక్క రాత్రి వేలమందిని కబళించిన విషవాయువు పురుగుమందుల కర్మాగారం నుంచే వెలువడింది. చీడను చంపే దినుసుకు చీడకూ మనిషికీ తేడా తెలియదు.

మందు లేకుండా పంట ఎలా అంటారా? జనగామ ప్రాంతంలో ఏనబావి అని చిన్న ఊరు ఉంది. 2006లో ఆ ఊరి రైతులు రసాయన ఎరువులు, పురుగుమందులు లేని ఊరు తమదని ప్రకటించుకున్నారు. పంట పోతే పూట గడవని వాళ్ళు అంత తెగువ చూపారు. పంట పోయినా నాలుగు వంకాయలకు మించి నష్టం లేని మనకు ఆ మాత్రం ఓర్పు ఉండవద్దా? లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లితే చాలా వరకు పేనుబంక, పిండినల్లి అదుపులోకి వస్తాయి. నాలుగు ఆకులు పురుగు తింటే తిననివ్వండి. అదీ దేవుని సృష్టే.

మూడవది చెత్త. మన వంటింటి తొక్కలు, రాలిన ఆకులు ఆటోలో ఎక్కితే మన ఇల్లు శుభ్రమైపోయిందనుకుంటాం. నగరం చెత్తంతా ఏళ్ళ తరబడి జవహర్‌నగర్‌లో గుట్టలు పడింది. అక్కడి కుటుంబాలు దుర్వాసన గురించి, చెడిపోయిన బావినీళ్ళ గురించి ఎంతకాలంగా మొరపెట్టుకున్నాయో పత్రికలు చదివేవారికి తెలుసు. ఆ గుట్టలో మన వాటా ఉంది. రంధ్రాలున్న పాత బకెట్టులో ఒక వంతు తొక్కలు, రెండు వంతుల ఎండుటాకులు పొరలు పొరలుగా వేసి, అప్పుడప్పుడు తిరగేస్తూ ఉంటే రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. ఇందులో మరొక న్యాయం కూడా ఉంది. కుండీల కోసం లారీలలో వచ్చే ఎర్రమట్టి ఏ గుట్టను తవ్వితేనో, ఏ ఊరి నేలను గీకితేనో వస్తుంది. మన మట్టిని మనమే తయారు చేసుకుంటే మరొక నాబోతు నేల మిగులుతుంది. ఆకులను తగలబెట్టే అలవాటు మాత్రం మానండి. ఆ పొగ పక్కింటి ఆయాసం జబ్బు మనిషికి రాత్రంతా నిద్ర లేకుండా చేస్తుంది.

నాలుగవది చిన్నదిగా కనిపించేది. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి కీలకమైన ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నారు. డెంగీ దోమ వేరు. అది కుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీటిలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో ఆ గుడ్లు దోమలవుతాయి. అంటే మన తులసి కుండీ పొరుగింటి బిడ్డకు జ్వరం కావచ్చు! వారానికొకసారి పళ్ళెం ఒలకబోసి తోమడం కూడా సోదర ప్రేమే.

‘ఫాదర్, ఇంత పెద్ద నగరంలో నా పది కుండీల వల్ల ఏమవుతుంది?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. మన పది కుండీల వల్ల కృష్ణా నది నిండదు, జవహర్‌నగర్ గుట్ట తరగదు. కాని తప్పు చేయకుండా ఉండే బాధ్యత ఫలితం లెక్క చూసి పుట్టేది కాదు. ఊరంతా దొంగతూకం తూస్తుంటే నా ఒక్క తక్కెడ సరిగా ఉండి ఏం లాభం అని నిజాయితీపరుడు అనుకోడు. పైగా మంచి గుణం ఉపన్యాసం వింటే రాదు, రోజూ చేసే చిన్నపని వల్ల అలవడుతుంది. పళ్ళెం ఒలకబోసే చెయ్యి రేపు కాలనీ సంఘంలో నీటి గురించి, చెరువు గురించి మాట్లాడడానికి కూడా లేస్తుంది.

పర్యావరణ సంక్షోభం నైతిక సమస్య అని 1990 నూతన సంవత్సర శాంతి సందేశంలో రెండవ జాన్‌పాల్ పాపుగారు తెలియజేశారు. భూమి బాధను, పేదవాని బాధను విడదీయలేమని 2015లో ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో ఫ్రాన్సిస్ పాపుగారు బోధించారు. అస్సీసి పునీత ఫ్రాన్సిస్ మఠం తోటలో కొంత నేలను ఏమీ నాటకుండా అడవి పూల కోసం వదలమనేవారట. మనకు అంత నేల లేదు. అయినా ఒక కుండీని పిచ్చుకకో, సీతాకోకచిలుకకో వదలవచ్చు.

కుటుంబంలో అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మొక్కకు పోసే నీరు ఎవరి వాటాలోనిది? దీనికి కొట్టే మందు ఎవరి మీద పడుతున్నది? దీని చెత్త ఎవరి గుమ్మంలోకి పోతున్నది? ఈ మూడింటికీ వెనకాడకుండా జవాబు చెప్పగలిగితే మీ తోట చిన్నదైనా నీతి గల తోట. దాని కూర పొరుగింటికి ఒక గిన్నెడు పంపండి.