ఈ వాక్యం ఎవరిది?

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఇండిక్‌వికీ ప్రాజెక్టు కింద తెలుగు వికీపీడియా కోసం వ్యాసాలు తయారుచేశారు. 2003లో మొదలైన ఆ వికీపీడియాలో ఏ పేజీకీ యజమాని ఉండడు. ఇదే పద్ధతి తరగతి గదిలోకి వస్తే ఓ చిక్కు: పేజీ నలభైమందిది, మార్కులు మాత్రం ఎవరివి వాళ్ళవి.

వికీలో ‘చరిత్ర’ నొక్కితే ఎవరు ఎప్పుడు ఎన్ని బైట్లు చేర్చారో కనిపిస్తుంది. ఇక లెక్క తేలినట్టే అనిపిస్తుంది. తేలదు. ఒకడు ఎక్కడినుంచో రెండు పేరాలు తెచ్చి అతికిస్తాడు, వేల బైట్లు. చార్మినార్ కట్టింది 1951లో అని పడితే ఒకమ్మాయి దాన్ని 1591 చేస్తుంది. వికీ లెక్కలో ఆమె చేర్చింది సున్నా. పేజీని నమ్మేలా చేసింది ఎవరు?

సైబరాబాద్ ఆఫీసుల్లోనూ ఇదే తంతు. పని టీముది, అప్రైజల్ ఒక్కొక్కరిది. ఆ అలవాటు బడిలోనే నేర్పాలా?

నా మటుకు, టీచరు చదవాల్సింది ‘చర్చ’ పేజీ. ఇంకొకరి వాక్యం తీసేముందు ఎందుకో చెప్పడం, తన వాక్యం పోతే కారణం అడగడం, సబబనిపిస్తే ఒప్పుకోవడం - అసలు చదువు అక్కడుంది. అందరూ ఊఁ అన్నారని ఊరుకుంటే అది సహకారం కాదు, నలుగురితో నారాయణ. టీచరు రాసిన వాక్యాన్ని కూడా పిల్లలు దిద్దగలిగిన రోజున ఆ పేజీ అందరిదీ అవుతుంది.