జాంబవంతుని మాట

పదునాలుగు పదునైదేండ్ల పిల్లవాడు “ఇది నాకు రాదు” అని పుస్తకము మూసినపుడు పెద్దలు సాధారణముగా రెండు విధములుగా బదులు చెప్పుదురు. “బద్ధకము వదిలితే ఎందుకు రాదు?” అని కొందరు మందలింతురు. “నీ అంత తెలివైనవాడు ఎవడున్నాడురా!” అని కొందరు బుజ్జగింతురు. రెండు మాటలును ప్రేమతో పలికినవే. కాని వాటివలన ఆ పుస్తకము మరల తెరుచుకొనుట అరుదు.

ఇది చదువునకు సంబంధించిన చిన్న విషయముగా తోచవచ్చును. 2019 ఏప్రిల్ నెలలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప తెలంగాణలో ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక పరీక్షలో వచ్చిన అంకెనే తమ జీవితమునకు తుది తీర్పుగా ఎంచు పిల్లలు ఎందరో కలరు. అది తీర్పు కాదని, బుద్ధి పెరుగునట్టిదని వారికి నమ్మిక కలిగించుట యెట్లు? సర్వమును భగవదధీనమని విశ్వసించు మనకు మరియొక సందేహమును కలుగవచ్చును. “ప్రయత్నించిన వృద్ధి పొందెదవు” అని పిల్లలకు చెప్పుట వారి అహంకారమును పెంచుట కాదా?

ఈ ప్రశ్నలకు సమాధానము శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండము చివర కానవచ్చుచున్నది. సీతాన్వేషణకై దక్షిణదిశకు వెడలిన వానరులు సముద్రతీరమున నిలిచిరి. ఎదుట నూరు యోజనముల జలరాశి. ఎవరెంత దూరము దుముకగలరని అంగదుడు అడిగెను. గజుడు పది యోజనములనెను. గవాక్షుడు ఇరువది యనెను. ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె చెప్పుచుండగా సుషేణుడు ఎనుబది యనెను. వృద్ధుడైన జాంబవంతుడు తొంబది యనెను. అంగదుడు నూరును దాటగలనుగాని తిరిగి రాగలనో లేనో యని సంశయించెను. హనుమంతుడు మాత్రము ఏ అంకెయు చెప్పక ఒక ప్రక్కన మౌనముగా కూర్చుండెను. మార్కుల పట్టికలు చేతికి వచ్చిననాడు మన ఇండ్లలో పిల్లవాడొకడు మూల కూర్చుండుటయు ఇట్లే గదా!

అప్పుడు జాంబవంతుడు ఏమి చేసెను? “నీవు గొప్పవాడవు” అని పొగడి ఊరకుండలేదు. హనుమంతుని బాల్యమును జ్ఞప్తికి తెచ్చెను. ఉదయించు సూర్యుని పండని భ్రమించి ఆకాశమునకు మూడు వందల యోజనములు ఎగిరిన సంగతి చెప్పెను. ఇంద్రుని వజ్రము తాకగా పర్వతశిఖరముపై పడి ఎడమ దవడ విరిగిన సంగతియు చెప్పెను. హనువు అనగా దవడ. ఆ దెబ్బవలననే ఆ స్వామికి హనుమంతుడను నామము కలిగెను. మనము నిత్యము భక్తితో స్మరించు ఆ పేరులోనే ఒకనాటి పతనము నిలిచియున్నది. జాంబవంతుడు ఎగిరిన దానిని, పడిన దానిని, రెండింటిని కలిపి చెప్పెను. మనము పిల్లలకు ధైర్యము చెప్పునపుడు పడిన సంగతిని దాచుదుము. కోపించునపుడు ఎగిరిన సంగతిని మరతుము.

ఋషిశాపముచేత ఇతరులు గుర్తుచేయు నంతవరకు హనుమంతునికి తన బలము తనకు తెలియదని ఉత్తరకాండము చెప్పుచున్నది. బలము అతనిది. చూచిన కన్ను మరియొకరిది. మన పిల్లలు ఏ ఋషి శాపమునకు గురికాకున్నను, తమ్ము తాము చూచుకొను విషయమున ఇదే స్థితిలో ఉన్నారు.

ఇక్కడ నా అనుభవము ఒకటి విన్నవింతును. మా తమ్ముని మనుమడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున గణితములో తప్పెను. ఆ వేసవిలో మ్రొక్కు తీర్చుకొనుటకై అతనిని వెంటబెట్టుకొని అలిపిరి నుండి కాలినడకను తిరుమల బయలుదేరితిని. గాలిగోపురమునకు ముందున్న ఏటవాలు మెట్లపై ఒక తల్లి ప్రతి మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు పోవుచుండెను. ఆమె కుమారుడు, ఎనిమిదేండ్లవాడు, పైనున్న మెట్లవైపు చూచి “నేను ఎక్కలేను” అని కూలబడి ఏడ్చెను. మావాడు అతని ప్రక్కన కూర్చుండి, “పైకి చూడకు తమ్ముడూ. అమ్మ ఇప్పుడు బొట్టు పెట్టిన మెట్టు చూడు. అక్కడిదాకా వెళ్ళి కూర్చుందాం” అనెను. ఆ విధముగా ఇద్దరును కూర్చుండుచు లేచుచు గాలిగోపురము చేరిరి.

అక్కడ విశ్రమించినపుడు నేను, “ఆ పిల్లవానికి చెప్పిన మాట నీ లెక్కల పుస్తకానికి పనికిరాదా?” అని అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండి, “వాడు ఎక్కగలడని నాకు తెలుసు తాతయ్యా. నా సంగతి అట్లా ఎవరికి తెలుసు?” అనెను.

నాకు మాట రాలేదు. “వీడికి లెక్కలు అబ్బలేదు” అని అతడు వినుచుండగనే బంధువులతో పలుమార్లు అన్నవాడను నేనే. ఇంటిలో జాంబవంతుని వయస్సు వచ్చినది గాని జాంబవంతుని చూపు రాలేదు.

ఆ దినమున ఒక సంగతి బోధపడెను. తన విషయమున నిరాశపడిన పిల్లవాడే మరియొకని విషయమున సరియైన మార్గము చూపగలడు. పరుని స్థానమున నిలిచి చూచినపుడు అతని బుద్ధికి కప్పిన తెర తొలగుచున్నది. నేటి మనశ్శాస్త్రజ్ఞులును ఈ మార్గమును పరీక్షించి చూచిరి. అమెరికాలో జరిగి 2002లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, చదువున కష్టపడుచున్న చిన్న తరగతుల పిల్లలకు “బుద్ధి అభ్యాసముచే పెరుగును” అని ధైర్యము చెప్పుచు కళాశాల విద్యార్థులచే లేఖలు వ్రాయించిరి. పిదప లేఖలు వ్రాసిన వారి చదువే, ముఖ్యముగా ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థుల చదువు, మెరుగుపడెను. కరోల్ డ్వెక్ అను శాస్త్రవేత్త సహచరురాలితో కలిసి 1998లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, తెలివిని పొగడగా విన్న పిల్లలు ఆ పేరు పోవునను భయమున కష్టమైన సమస్యలకు వెనుదీసిరి. శ్రమను మెచ్చుకొనగా విన్నవారు వాటికి ముందుకు వచ్చిరి. బుజ్జగింపు ఏల ఫలింపదో దీనివలన తెలియుచున్నది.

ఇక అహంకారమును గూర్చిన సందేహము. జీవుని ధర్మభూతజ్ఞానము కర్మవశమున సంకోచించుననియు, ఆ ప్రతిబంధకము తొలగినపుడు వికసించుననియు మన విశిష్టాద్వైత సిద్ధాంతము. ఏ జీవుడును స్వరూపముచే మందుడు కాడు. ఒక బాలుని చూచి “వీనికి బుద్ధి ఇంతే” యని ముద్రవేయుట మేఘము క్రమ్మినంత మాత్రమున సూర్యుడు లేడనుట వంటిది. గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి ఐదు కారణములను చెప్పెను. శరీరము, కర్త, ఇంద్రియములు, వివిధములైన ప్రయత్నములు, ఐదవది దైవము. దైవమును చెప్పి ప్రయత్నమును విడువలేదు. ప్రయత్నమును చెప్పి దైవమును మరువలేదు. “అంతయు నీ చేతిలోనే ఉన్నది” అని పిల్లవానికి చెప్పినచో ఓడినపుడు అంతయు వాని నేరమే యగును. అది సత్యము కాదు, దయయు కాదు.

భగవద్రామానుజులు రహస్యార్థములకై శ్రీరంగము నుండి తిరుక్కోట్టియూరు నంబి సన్నిధికి పదునెనిమిది మార్లు నడిచిరని గురుపరంపర చెప్పుచున్నది. ఎవరని అడుగగా “నేను” అనినంత కాలము త్రిప్పిపంపిరనియు, “దాసుడను” అని వచ్చిన నాడు అనుగ్రహించిరనియు పెద్దలు చెప్పుదురు. మరల మరల నడచిన ఆ పాదములలో పట్టుదల ఉన్నది. మారిన ఆ మాటలో వినయమున్నది. వృద్ధికి రెండును కావలెను. నిదానించి చూడగా “నాకే వచ్చును” అనుటయు “నాకు రానే రాదు” అనుటయు ఒకే అహంకారమునకు రెండు ముఖములు. ఒకటి పొంగినది, ఒకటి ముడుచుకొన్నది. రెండును తన చూపే తుది చూపని తలచును. పరుల కంటితో చూడ నేర్చుట రెంటికిని ఔషధము.

కనుక పుస్తకము మూసిన పిల్లవానితో మూడు మాటలు మాటలాడి చూడుడు. “ఇదే కష్టము నీ తమ్మునికి వచ్చిన ఏమి చెప్పుదువు?” అని అడుగుడు. “ఇది వచ్చినవాడు మొదట ఎక్కడ తడబడెనో పోయి అడిగి రమ్ము” అనుడు. మీరు ఎక్కడ పడితిరో, ఎట్లు లేచితిరో దాచక చెప్పుడు. అన్నిటికంటె ముందు, వాని కంటితో ఆ పుట మీరును ఒకసారి చూడుడు. పెద్దలు చూపు మార్చుకొననిది పిల్లలకు ఆ విద్య అబ్బదు.

తిరుమల నుండి వచ్చిన పిదప మావాని ప్రక్కన కూర్చుండి, నా చిన్ననాట లెక్కలలో రెండుమార్లు తప్పిన కథను మొదటిసారి చెప్పితిని. ఆ మరుసటి పరీక్షలో అతడు గణితమున ఉత్తీర్ణుడయ్యెను. గొప్ప మార్కులు రాలేదు. కాని “నాకు రాదు” అనుటకు బదులు, “తాతయ్యా, ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ ఆగింది” అని వ్రేలితో చూపుట నేర్చెను. నాకు అది చాలును. ఆగిన చోటు తెలిసినవానికి తరువాతి మెట్టు కనబడును.

మన ఇండ్లలో మౌనముగా కూర్చున్న ప్రతి బాలునికి, ప్రతి బాలికకు జాంబవంతుని వంటి పెద్ద యొకరు దొరకునట్లు, ఆ పెద్దలము మనమే కాగలుగునట్లు ఏడుకొండలవాడు అనుగ్రహించుగాక.