పాత లారీ మీద బెంగ

శ్రామికుడు తన నడుము విరిచిన పనిముట్టును ప్రేమించవచ్చునా? ప్రేమిస్తే ఆ ప్రేమను మనం ఏమని పిలవాలి? అజ్ఞానమనా, బానిస మనస్తత్వమనా, లేక మనం ఇంకా పేరు పెట్టని మరేదో అనా? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురు కాలేదు. అమలాపురంలో కొద్దిమంది విద్యార్థులమూ అధ్యాపకులమూ కలిసి జరుపుకునే ఒక అధ్యయన గోష్ఠిలో ఎదురయింది.

రవాణా కార్మికుల జీవితాన్ని గురించి మాట్లాడమని ఎనభై ఏళ్ళు దాటిన ఒక లారీ డ్రైవరును పిలిచాము. దోపిడిని గురించి చెబుతాడని మా ఆశ. ఆయన లేలండ్ కామెట్‌ను గురించి చెప్పాడు. గంటసేపు అదే చెప్పాడు. చలికాలం తెల్లవారుజామున ఇంజను అందుకునే ముందు ఎలా మూలిగేదో, లోడుతో వంతెన ఎక్కేటప్పుడు దాని గొంతు ఎలా మారేదో నోటితో చేసి వినిపించాడు. లేని స్టీరింగును రెండు చేతులా తిప్పాడు. లేని క్లచ్చిని రెండుసార్లు తొక్కాడు. ఆయనను బస్సు ఎక్కించి వచ్చిన తర్వాత, మాలో చురుకయిన విద్యార్థి ఒకడు, "మాస్టారూ, ఇది సంకెలను ముద్దు పెట్టుకోవటమే గదా!" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకు రుచించలేదు.

ముందు ఆ లారీ ఎక్కడిదో చూద్దాం. గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క చుట్టి, నడుమ వైనతేయ చీల్చిన గడ్డ మన కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత, కాలువలలో పడవలే ఇక్కడి ధాన్యాన్నీ కొబ్బరినీ మోశాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టున తాడు పట్టి లాగే మనుషులు. కాకినాడ నుంచి కోటిపల్లి వరకు వచ్చిన రైలు పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఊడబెరికి పట్టుకుపోయారు. అవి మళ్ళీ పడటానికి 2000ల దశకం దాకా పట్టింది. గౌతమి దాటి ఇవతలికి రైలు ఈనాటికీ రాలేదు. అంచేత పడవ తర్వాత ఈ సీమకు దక్కినది లారీయే. అంబాజీపేట కొబ్బరి రాజస్థానానికి పోయినా బీహారుకు పోయినా లారీ మీదనే పోవాలి. దింపు కూలీ, వొలుపు కూలీ, లారీ డ్రైవరు, ఈ ముగ్గురి చేతుల మీదుగా సాగే వ్యాపారమది.

ఆ లారీలు మనవి కావు. బెడ్‌ఫర్డులు, ఆస్టిన్లు బ్రిటన్‌వి. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్ ఆస్టిన్ కార్లు బిగించటంతో మొదలుపెట్టి, 1955లో అశోక్ లేలండ్ అయింది. టాటాలు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజితో ఒప్పందం చేసుకుని లారీలు తయారు చేశారు. 1969లో ఒప్పందం ముగిసేదాకా వాటి ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం మెరిసేది. ఆ తర్వాత నక్షత్రం పోయి, అదే వలయంలో 'టి' అక్షరం వచ్చింది. మన డ్రైవర్లు మాత్రం ఆ మార్పును పట్టించుకోకుండా చాలాకాలం దాన్ని బెంజి అనే పిలిచారు. ఇక లేలండ్ అన్నది ఇంగ్లండులో లంకాషైరులోని ఒక ఊరి పేరు. అక్కడి కంపెనీ 1987లో ఎన్నూరులోని తన వాటాలను అమ్ముకున్నది. ఆ ఊళ్ళో ఇప్పుడు పాత లారీలకు ఒక మ్యూజియం ఉన్నది. మన రోడ్ల మీద ఆ ఊరి పేరు ఇంకా లోడు మోస్తూనే ఉన్నది. దీన్ని చూసి దేశభక్తితో ఉడుక్కునేవారు ఉంటారు గాని, నాకు ఉడుకుమోత్తనం రావటం లేదు. ఆ ఇంజనును పోతపోసిన లంకాషైరు కూలీకీ, దాన్ని రావులపాలెం మీదుగా నడిపిన మనవాడికీ తగాదా ఏమున్నది?

తగాదా పడవలసిన సంగతి వేరే ఉన్నది. బ్రిటన్‌లో 1930 నాటి రోడ్డు రవాణా చట్టమే లారీ డ్రైవరు ఎన్ని గంటలు నడపవచ్చునో హద్దు పెట్టింది. అక్కడి లారీ ఇక్కడికి వచ్చింది. ఆ హద్దు మాత్రం ఇక్కడి రోడ్ల మీద నిలవలేదు. మన దేశంలో మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో గాని రాలేదు. వచ్చి, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అన్నది. అయితే అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది నేరుగా వర్తించేది. ఒక్క లారీ ఉన్న ఓనరు దగ్గర డ్రైవరు, రెండో డ్రైవరు, క్లీనరు, మొత్తం ముగ్గురు. చట్టం వాకిట్లోనే ఆగిపోయింది. మా పెద్దాయనను ఈ ఎనిమిది గంటల సంగతి అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎనిమిది గంటలా! సూర్యాపేట కూడా రాదు కదండీ. ఇంక నాగపూరు ఎప్పుడు?"

ఇంత తెలిసీ ఆయన దేనికి బెంగపెట్టుకున్నట్లు? ఆ తరం లారీలలో చాలావాటి గేరుబాక్సులో పళ్ళను తమంతట తామే సమవేగానికి తెచ్చే ఏర్పాటు లేదు. గేరు దించాలంటే క్లచ్చి తొక్కి గేరును న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్చి వదిలి, యాక్సిలేటరు ఇచ్చి ఇంజను వేగం పెంచాలి. మళ్ళీ క్లచ్చి తొక్కి కింది గేరు వెయ్యాలి. ఎంత వేగం పెంచాలో చెప్పే ముల్లు ఏదీ లేదు. చెవి చెప్పాలి. చెవి తప్పు చెబితే పళ్ళు గరగరమంటాయి, రోడ్డు పక్క హోటలులో కూర్చున్న తక్కిన డ్రైవర్లు తలలు తిప్పి చూస్తారు. ఆ చూపు ఓనరు తిట్టు కంటె ఘోరమట. ఇక వంతెనలు లేని రోజులలో రేవు దగ్గర లారీని పంటు మీదికి ఎక్కించటం మరొక విద్య. పోటు మీద ఉంటే పంటు ఎత్తున ఉంటుంది, పాటు మీద ఉంటే లోతున ఉంటుంది. రెండు పలకల మీద రెండు చక్రాల వరసలు, కింద ఏరు. పవర్ స్టీరింగు అనే మాట ఎవరూ విని ఎరగరు. "ముందు నీళ్ళ చూపు చూసుకోవాలండి, తరవాతే పలకల చూపు" అన్నాడాయన. ఈ మాట మీద ఒక పాఠం చెప్పవచ్చుననిపించింది నాకు.

ఈ బెంగ అన్న మాటను గురించి చిన్న ముచ్చట. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి, ఇంటికి మరలటం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలను అతికించి 'నాస్టాల్జియా' అన్న పదం పుట్టించాడు. అది అప్పుడు ఒక జబ్బు పేరు. ఆ జబ్బుతో పేరుపడ్డవారు జీతానికి పరదేశాలలో యుద్ధాలు చేసిన స్విస్ సిపాయిలు. అంటే పనికోసం ఊరు విడిచిన మనుషుల జబ్బు. మన తెలుగులో దానికి గ్రీకు అక్కరలేదు. బెంగ అంటే చాలు. మా డ్రైవరు లారీ మీద ఉన్న నలభై ఏళ్ళూ ఇంటి మీద బెంగపెట్టుకున్నాడు. ఇంట్లో కూర్చున్న ఈ ఇరవై ఏళ్ళూ లారీ మీద బెంగపెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే ఒక పాత లారీ ఓనరుతో మాట్లాడే అవకాశం కలిగింది. ఆయనకూ బెంగ ఉన్నది. "ఆ రోజుల్లో డ్రైవర్లకి విశ్వాసం ఉండేదండి. మూడు రాత్రులు కన్ను మూయకుండా బండి తెచ్చి అప్పగించేవాడు, ఇంత బత్తా చేతిలో పెడితే కళ్ళకద్దుకునేవాడు" అన్నాడు. అవే లారీలు, అవే రాత్రులు. ఒకడికి గుర్తున్నది చెవి పనితనం, మరొకడికి గుర్తున్నది ఎదుటివాడి వినయం. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టి, రెండూ గతాన్ని పట్టుకు వేళ్ళాడటమేనని కొట్టివేయటం ఏ శాస్త్రీయ దృష్టి? యంత్రం వేరు, పెట్టుబడి దాన్ని వాడుకునే తీరు వేరు అని మార్క్సు 'పెట్టుబడి' మొదటి సంపుటంలో విడదీసి చూపాడు. యంత్రాలను పగలగొట్టిన కార్మికులకు ఆ తేడా తెలియటానికి అనుభవం కావలసి వచ్చిందన్నాడు. చదువుకున్న మనం అదే పొరపాటును తిరగేసి చేస్తున్నాము. వాళ్ళు యంత్రాన్ని చూసి యజమాని అనుకున్నారు. మనం యంత్రం మీది ప్రేమను చూసి యజమాని మీది ప్రేమ అనుకుంటున్నాము.

సంకెల అన్న విద్యార్థికి ఈ మాట చెప్పాను. అతడు తేలికగా ఒప్పుకునే రకం కాదు, అది మంచిదే. "అయితే మాస్టారూ, నైపుణ్యం పేరు చెప్పి ఎద్దుబండినీ పొగడవచ్చు, కాలువ గట్టున పడవ తాడు లాగటాన్నీ పొగడవచ్చు. ఇంక అభ్యుదయం ఎక్కడ?" అన్నాడు. ప్రశ్న న్యాయమయినదే. జవాబు కోసం ఇద్దరమూ పెద్దాయన ఇంటికి వెళ్ళాము. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీల కేబినులో ఎ.సి. తప్పనిసరి చేశారని విద్యార్థి చెప్పాడు. ఆయన ముఖం వికసించింది. "ఆయ్, మంచి పని చేశారండి. మాకు వేసంకాలంలో ఇంజను వేడికి తొడలు ఉడికిపోయేవి. చెక్క కేబిను, పైన రేకు. తడిగుడ్డ మెడకి చుట్టుకునేవాళ్ళం." మళ్ళీ ఆ కామెట్ ఇస్తే తోలతారా అని నేనడిగాను. కొంచెం ఆలోచించాడు. "తోల్తానండి, రాజోలు దాకా. ఆ బత్తాకి మాత్రం తోలనండి."

సంకెలను ముద్దు పెట్టుకునేవాడు ఈ లెక్క చెప్పలేడు.

ఇంతలో ఆయన మరొక మాట అన్నాడు. అది నేను అడగనిది. "మా పేటవాడు పెద్దవీధిలో చెప్పులేసుకుని నడిస్తే ఊరుకునేవారు కాదండి. నేను అదే వీధిలో లారీ మీద పోయేవాణ్ణి. ఆ సీటులో కూచుంటే అరుగులన్నీ కిందే. హారను కొడితే అరుగుల మీద కూచున్నోళ్ళు కాళ్ళు ముడుచుకునేవోరు. నాగపూరు రోడ్డులో హోటలువాడు నన్ను 'డ్రైవరుగారూ' అనేవాడు తప్పితే ఏ పేటని అడగలేదు." నా పక్కనున్న విద్యార్థి తల వంచుకున్నాడు. మా పుస్తకాలలో ఆ సీటుకు ఒక పరిభాష ఉన్నది: ఉత్పత్తి సాధనం, పరాయి సొత్తు. ఆయనకు అది ఊళ్ళో దొరకని ఎత్తు. సీటు ఓనరుదే కావచ్చు. దాని మీద నుంచి కనపడినది మాత్రం ఆయన సొంతం. అంబేద్కరు పేరు పెట్టుకున్న జిల్లాలో ఉంటూ, ఒక లారీ సీటును గురించి ఇన్నాళ్ళూ ఈ మాట ఆలోచించనందుకు సిగ్గుపడ్డాను.

ఇక్కడికి వ్యాసం అయిపోయిందనుకున్నాను. నిజానికి ఇక్కడికే ఆపి ఉంటే వ్యాసం చక్కగా ఉండేది. సెలవు తీసుకుంటుండగా పెద్దాయనే అన్నాడు: "నా దగ్గర క్లీనరుగా చేసినవాడు కొత్తపేటలో పంచర్లు వేసుకుంటున్నాడండి. నా పని సంగతి వాణ్ణి అడగండి, చెబుతాడు." సాక్ష్యం కోసం పంపాడు పాపం.

వెళ్ళాను. అరవై దాటిన మనిషి. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు కూలిపోయి లోడు లేక లారీలు నిలిచిపోయినప్పుడు, లారీ విడిచిపెట్టి ఈ కొట్టు పెట్టుకున్నాడు. గేరు చప్పుడును గురించి పెద్దాయన చెప్పిన మాటలు చెప్పాను. వింటూ ట్యూబుకు గాలి పట్టాడు.

"ఆయనకి గేరు గుర్తుందండి. నాకు సీటు కింద పానా గుర్తుంది" అన్నాడు.

పదకొండో ఏట లారీ ఎక్కాడట. ఆయన పేటవాడే, దూరపు చుట్టం కూడాను. జీతం లేదు, తిండి ఒకటే. రాత్రిపూట టాపు మీద సరుకుకు కాపలా. రేడియేటరులో నీళ్ళు తగ్గితే దెబ్బ, టైరు వెనక రాయి పెట్టటం ఆలస్యమయితే దెబ్బ. పానాతో మోకాటి చిప్ప మీద కొట్టేవాడట. "నా పేరుతో పిలిచినట్టు జ్ఞాపకం లేదండి. ఒరే అనేవాడు, లేదా ఈల వేసేవాడు." అరుగుల మీదివాళ్ళ చేత కాళ్ళు ముడిపించిన ఆ మనిషే.

పీడన కింద దెబ్బ తిన్నవాడు తనకంటె చిన్నవాడి మీద ఆ దెబ్బ దించుకుంటాడని సూత్రం చెప్పి నేను తప్పుకోవచ్చు. సూత్రం నిజమే. కాని పదకొండేళ్ళ పిల్లవాడి మోకాలికి ఆ సూత్రం ఏ మందు? అటువైపు, ఈ పానా చూపించి, పెద్దాయన చెవి పనితనమూ ఆ సీటు మీది ఆత్మగౌరవమూ అబద్ధాలని అనగలనా? అనలేను. అవీ నిజమే. ఆ విద్య నేర్పిన చెయ్యీ, కొట్టిన చెయ్యీ ఒకటే. మనం కార్మికుల జ్ఞాపకాలు సేకరించి అచ్చు వేసేటప్పుడు సాధారణంగా సీటులో కూర్చున్నవాడి దగ్గరే ఆగిపోతున్నాము. టాపు మీద పడుకున్నవాడి దాకా నిచ్చెన వెయ్యటం లేదు. నేను వేశానని చెప్పుకోవటానికి లేదు. నన్ను పంపినవాడు డ్రైవరే.

"మరి డ్రైవింగు ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను.

"ఆయన నిద్రపోయినప్పుడండి. నిద్ర ఆపుకోలేక నాకు స్టీరింగు ఇచ్చేసి పక్కన పడుకునేవాడు. నాకు పదిహేనేళ్ళు. గేరు పళ్ళు గరగరమంటే నిద్రలోనే కాలితో తన్నేవాడు. తన్నించుకోకుండా నాగపూరు దాటిన రాత్రి ఒకటుందండి" అన్నాడు. అని, మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వును ఎందులో చేర్చాలో నాకు ఇప్పటికీ తెలియదు.

లేచి వస్తుంటే ఆయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందోనని చూస్తూ అడిగాడు:

"పెద్దాయనకి చెవులు వినపడుతున్నాయాండి?"