పూటకూటి అన్నం, అతిథి ధర్మం

రాత్రి తలదాచుకోవడానికి చోటిచ్చి, కడుపునిండా పెట్టి, పొద్దున్నే డబ్బు పుచ్చుకుంటే అది ఆతిథ్యం అవుతుందా అన్నది ధర్మచింతనలో పాత చిక్కు. నెల్లూరు తీరంలో ఇది ఏ రోజుకారోజు ఎదురయ్యేదే. మైపాడు ఒడ్డున గది తీసుకుని, దగ్గర్లోని హోటల్లో మామిడికాయ ముక్కలు వేసి వండిన చేపల పులుసు తిని, తెల్లారి బిల్లు కట్టి వెళ్ళే మనిషి అక్కడివాళ్ళకు అతిథా, బేరమా?

తైత్తిరీయోపనిషత్తు ఈ సంగతి రెండు చోట్ల ఎత్తుకుంది. చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చేసే ఉపదేశంలో, తల్లిదండ్రులనూ గురువునూ చూసినట్టే అతిథినీ దైవంగా చూడమని ఉంది. అది అందరికీ తెలిసిందే. అంతగా ఎవరూ తలుచుకోనిది భృగువల్లి చివర వచ్చే నియమం. వసతి కోరి వచ్చిన ఎవరినీ కాదనకూడదు, అదొక వ్రతం. ఆ వ్రతం సాగాలంటే ఏదో ఒక విధంగా అన్నం బాగా సంపాదించి పెట్టుకోవాలి. ఉపనిషత్తు పట్టుబట్టింది వచ్చినవాణ్ణి పొమ్మనకపోవడం దగ్గర. ఆ అన్నం ఎలా సమకూర్చుకోవాలో గృహస్థుకే వదిలేసింది.

స్మృతుల కాలానికి లెక్క మారింది. గృహస్థు రోజూ చేయాల్సిన పంచమహాయజ్ఞాల్లో అతిథి పూజ ఒకటిగా నిలిచింది గానీ, అతిథి ఎవరన్న దానికి హద్దులు పుట్టుకొచ్చాయి. ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి అంది మనుస్మృతి. అక్కడితో ఆగలేదు. బ్రాహ్మణుడి ఇంటికి వచ్చిన క్షత్రియుడు అతిథి కిందికి రాడనీ, వైశ్యులూ శూద్రులూ వస్తే దయతలచి పనివాళ్ళతో పాటు పెట్టవచ్చనీ చెప్పింది. ఎవరినీ కాదనరాదన్న వ్రతానికి ఇంతకంటే పెద్ద గండి మరొకటి లేదు. అన్నం అమ్ముకోవడాన్నీ పెద్దలు తప్పుపట్టారు. భారతంలో మార్కండేయుడు చెప్పిన కలికాలపు లక్షణాల్లో అది కూడా ఉందని వ్యాఖ్యాతలు చూపిస్తారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆకలిగొన్నవాడు బేరమాడే స్థితిలో ఉండడు. అవతలివాడి ఆకలి చూసి ధర పెంచడం నిజంగానే పాపం.

అయితే ఉచితంగా పెట్టిందే గొప్ప అన్న మాట కూడా నిలవదు. 13వ శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో అశ్వమేధపర్వం ఒకటి. అందులో ముంగిస కథ ఉంది. కురుక్షేత్రంలో చేలల్లో రాలిన గింజలు ఏరుకుని బతికే ఒక పేద కుటుంబానికి, కరువు రోజుల్లో కాస్త పిండి దొరుకుతుంది. నలుగురూ పంచుకుని నోట పెట్టుకోబోయే వేళకు ఆకలితో అతిథి వస్తాడు. ఇంటాయన తన వంతు ఇస్తాడు, చాలదు. భార్య, కొడుకు, కోడలు వరసగా తమ తమ వంతులు ఇచ్చేస్తారు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం ఒళ్ళు బంగారమవుతుంది. మిగతా సగం కోసం అది ధర్మరాజు యాగశాలకు వచ్చి పొర్లితే వెంట్రుక కూడా రంగు మారదు. ధర్మరాజు పెట్టిందీ ఉచితమే, అదీ కొండలకొద్దీ. అయినా ముంగిస ఒప్పుకోలేదు. డబ్బు పుచ్చుకున్నారా లేదా అన్నది ఆ కథకు కొలమానం కాదు. వచ్చినవాడి ఆకలిని తమ ఆకలి కంటే ముందు పెట్టారా లేదా అన్నదే దాని లెక్క.

ఈ లెక్కతో చూస్తే పూటకూళ్ళ ఇంటికి న్యాయం జరుగుతుంది. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలోనే ఒక రూక ఇచ్చి మంచి భోజనం చేసే పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. అంటే తెలుగునాట అన్నం అమ్మకం నిన్నమొన్నటిది కాదు. గురజాడ కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మ వితంతువు. అటువంటి ఆడవాళ్ళకు చదువు లేదు, ఆస్తిలో వాటా లేదు, మళ్ళీ పెళ్ళి లేదు. చేతిలో ఉన్నది వంట ఒక్కటే. అన్నం అమ్మడం అధర్మమన్న సంఘమే ఆమెకు మరో దారి లేకుండా చేసింది. పరాయి ఊరివాడికి విస్తరి వేసి, ఇంకొంచెం పులుసు పోయనా అని అడిగి, రెండు డబ్బులు తీసుకుని ఆమె బతికింది. ఆ అడగడంలో ఆతిథ్యం లేదనడం అన్యాయం.

ఇక పొమ్మనడం సంగతి. సత్రాల్లోనూ తొలినాటి హోటళ్ళలోనూ పంక్తి భేదం ఉండేది; ఉచితంగా పెట్టినచోట కూడా కులం చూసి పెట్టారు. దేవుడి ఇంటి సంగతీ అంతే. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు 1946లో నిరాహారదీక్ష పట్టాల్సి వచ్చింది. ఇంగ్లండులో మాత్రం డబ్బు పుచ్చుకునేవాడి మీదే ధర్మభారం మోపారు. అక్కడి పాత సంప్రదాయ న్యాయం ప్రకారం బాటసారులకు విడిది నడిపేవాడు, గది ఖాళీగా ఉండి, వచ్చినవాడు సొమ్ము కట్టగలిగితే, తగిన కారణం లేకుండా పొమ్మనకూడదు. భృగువల్లి వ్రతానికి ఇది దగ్గరి చుట్టం. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో దుకాణాలను, హోటళ్ళను పేరు పెట్టి చెప్పి, మతం, కులం, జాతి, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరినీ లోపలికి రాకుండా ఆపరాదంది. ఉపనిషత్తు వ్రతమన్నది ఇప్పుడు చట్టమయింది.

ఈ తీరంలో ఈ ధర్మం జనం ఆచారంలో ఇంకో రూపంలో బతికే ఉంది. గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమానికి మొక్కుకుని వెళ్ళేవాళ్ళు అక్కడ నిద్ర చేస్తారు. అతిథిని దేవుడిగా చూడాలన్న మాట ఇక్కడ తిరగబడి, దేవుడి ఇంట మనిషి అతిథి అవుతాడు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగ మరీ ప్రత్యేకం. కోరిక తీరినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి ఉద్యోగ రొట్టె, చదువు రొట్టె, సంతాన రొట్టె అంటూ అదే కోరిక ఉన్నవాళ్ళ చేతిలో పెడతారు. పుచ్చుకున్నవాళ్ళు తమ కోరిక తీరాక వచ్చి, ముక్కూమొహం తెలియని మరొకరికి ఇస్తారు. ఇచ్చేది ఏ మతంవాళ్ళో, తీసుకునేది ఏ కులంవాళ్ళో అక్కడ ఎవరూ అడగరు.

కాబట్టి బిల్లు తీసుకున్నంత మాత్రాన అతిథి ధర్మం చెడదు. ధర సరిగ్గా ఉండి, వంట శుభ్రంగా ఉండి, వచ్చినవాణ్ణి మనిషిగా చూస్తే చాలు. గది ఖాళీగా పెట్టుకుని, పేరునుబట్టో వేషాన్నిబట్టో లేదని చెప్పి పంపితే మాత్రం ధర్మమూ చట్టమూ రెండూ తప్పినట్టే. సముద్రం చూడ్డానికి వచ్చే జనం మీద బతికేవాళ్ళు ఈ ఒక్క వ్రతం పట్టాలి: చోటు ఉంటే ఎవరికైనా ఇవ్వాలి.