నేరానికి తరగతి, మనిషికి ముద్ర

అమెరికా సమాఖ్య చట్టమూ, అక్కడి చాలా రాష్ట్రాల చట్టాలూ నేరాలను ప్రధానంగా రెండు తరగతులుగా విడదీసి, మరణదండనకు గానీ ఏడాదికి మించిన కారాగారవాసానికి గానీ అవకాశమున్న ఘోర నేరాన్ని ఫెలనీ అనీ, గరిష్ఠ శిక్ష ఏడాది దాటని చిన్న నేరాన్ని మిస్‌డిమీనర్ అనీ వ్యవహరిస్తాయి. లెక్కలోకి వచ్చేది న్యాయమూర్తి విధించిన శిక్ష కాక శాసనం అనుమతించే శిక్ష కనుక, ఒక్కరోజు కూడా జైలులో గడపకుండా ప్రొబేషన్‌పై, అంటే అధికారి పర్యవేక్షణలో, బయటే ఉన్న వ్యక్తి సైతం ఫెలన్‌గానే నమోదవుతాడు. నేరం ఘోరమైనది కాబట్టి శిక్ష పెద్దదనీ, శిక్ష పెద్దది కాబట్టి నేరం ఘోరమైనదనీ చెప్పే ఈ నిర్వచనం ఒక పాత తాత్త్విక ప్రశ్నను మళ్లీ ముందుకు తెస్తుంది: తప్పు బరువు తప్పులోనే ఉంటుందా, దాన్ని తూచేవారి నిర్ణయంలో ఉంటుందా?

తప్పులన్నీ సమానమేనని ప్రాచీన స్టోయిక్ తాత్త్వికులు వాదించారు. బంగారం నింపిన ఓడను ముంచినా గడ్డి నింపిన ఓడను ముంచినా నావికుడి అజాగ్రత్త ఒక్కటేనని ఆ వాదాన్ని సిసెరో వివరించాడు. ధర్మాన్ని తప్పడమనే దృష్టితో చూస్తే ఇందులో కొంత నిజమున్నా, హతుడి కుటుంబానికీ, జేబులోని నాణెం పోయినవాడికీ జరిగిన నష్టం ఒకటేనని ఏ సమాజమూ అంగీకరించలేదు, అంగీకరించకూడదు కూడా. తప్పుల్లో తారతమ్యం నిజంగానే ఉంది, కానీ అది మెట్టు మెట్టుగా కాక వాలుగా సాగుతుంది. గీత గీసేది మాత్రం చట్టమే.

ఆ గీత ఎంత యాదృచ్ఛికమో చరిత్రే చూపుతుంది. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం దొంగసొత్తు విలువ పన్నెండు పెన్నీలు దాటితే పెద్ద దొంగతనమనీ, దాటకపోతే చిన్న దొంగతనమనీ విభజించింది. పెద్ద దొంగతనానికి మరణదండన ఉండటంతో, ధరలు పెరిగిన తరువాతి శతాబ్దాల్లో ప్రాణం కాపాడటానికి జ్యూరీలు సొత్తు విలువను తెలిసి తెలిసి తగ్గించి తీర్పు చెప్పేవి. చట్టం మరచిన వివేకాన్ని సామాన్యులు తమ అబద్ధంతో కాపాడిన సందర్భమిది. కాలిఫోర్నియాలో నేటికీ కొన్ని నేరాలను ప్రభుత్వ న్యాయవాది గానీ న్యాయమూర్తి గానీ ఏ తరగతిలోనైనా చేర్చవచ్చు. ఒక్కొక్కటి 399 డాలర్ల విలువైన మూడు గోల్ఫ్ కర్రలను దొంగిలించిన యూయింగ్ అనే వ్యక్తి నేరం అటువంటిదే. దాన్ని ఫెలనీగా పరిగణించి, అతని పాత నేరాలను కూడా కలిపి, 25 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు విధించిన శిక్షను 2003లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల మద్దతుతో సమర్థించింది.

శిక్షా కాలం కన్నా తీవ్రంగా ఆలోచించవలసినది, ఆ కాలం ముగిశాక మిగిలే ముద్ర గురించి. పూర్వపు ఇంగ్లండులో ఫెలనీకి భూమీ సొత్తూ జప్తు అయ్యేవి. ఆ జప్తును 1870లోనూ, ఫెలనీ, మిస్‌డిమీనర్ల మధ్య భేదాన్నే 1967లోనూ ఆ దేశం తొలగించుకుంది. ఆ భేదాన్ని అక్కడి నుంచి తెచ్చుకున్న అమెరికా మాత్రం దాన్ని నిలుపుకొని, పలు రాష్ట్రాల్లో ఓటునూ, కొన్ని ఉద్యోగాల అర్హతనూ దానికి ముడిపెట్టింది. వీసాపై ఉన్న విదేశీయులకు, వారిలోని తెలుగువారికీ, ఈ గీత మరింత ప్రమాదకరం: రాష్ట్ర చట్టం మిస్‌డిమీనర్ అన్న దొంగతనానికి ఏడాది శిక్ష పడితే, అమలు నిలిపివేసినా సరే, వలస చట్టం దాన్ని తీవ్రమైన ఫెలనీగా లెక్కించి దేశ బహిష్కారానికి కారణం చేయగలదు.

ధర్మశాస్త్రాలు కూడా పాపాలను తరగతులుగా విభజించాయి. బ్రహ్మహత్య, సురాపానం, బంగారు దొంగతనం, గురుపత్నీగమనం, ఈ పాపులతో సహవాసం అనే అయిదు మహాపాతకాల తరువాత ఉపపాతకాలు, అంటే వాటికి తక్కువైన పాపాలు, వస్తాయి. హతుడి వర్ణాన్ని బట్టి హత్య బరువును మార్చిన ఈ వ్యవస్థ అన్యాయాన్ని ఏ పాండిత్యమూ కప్పిపుచ్చలేదు. అయినా యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యానంలో ఒక ఆలోచన నేటికీ విలువైనదే. ఆ గ్రంథాన్ని పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. పాపానికి నరకానికి ఈడ్చే శక్తి ఒకటి, తోటివారితో వ్యవహారాన్ని అడ్డుకునే శక్తి మరొకటి ఉన్నాయనీ, తెలిసి చేసిన పాపంలో మొదటిది మిగిలినా ప్రాయశ్చిత్తంతో రెండోది తొలగుతుందనీ ఆ వ్యాఖ్యాన సారాంశం. అంటే అంతరంగపు లెక్క తేలకపోయినా సమాజం తన తలుపు తెరవవలసిందే. వ్రతం ఆచరించలేని అశక్తుడికి గోదానాన్నీ, గోవు దొరకనప్పుడు దాని మూల్యాన్నీ ప్రత్యామ్నాయంగా చూపడంలో కూడా ప్రాయశ్చిత్తం పూర్తికాగలిగేదై ఉండాలన్న పట్టుదల కనిపిస్తుంది.

ఫ్లోరిడా ఓటర్లు 2018లో రాజ్యాంగ సవరణ ద్వారా, హత్య, లైంగిక నేరాలు మినహా, శిక్ష పూర్తిచేసిన ఫెలన్లకు ఓటు తిరిగి ఇచ్చినప్పుడు ఇటువంటి ఆలోచనకే దగ్గరగా వచ్చారు. మరుసటి ఏడాది శాసనసభ జరిమానాలూ కోర్టు రుసుములూ చెల్లిస్తేనే శిక్ష పూర్తయినట్టని నిర్వచించింది. ఎవరెంత బాకీ ఉన్నారో రాష్ట్రమే చాలా సందర్భాల్లో చెప్పలేకపోతోందని కింది న్యాయస్థానం గుర్తించినా, 2020లో అప్పీలు న్యాయస్థానం ఆ నిబంధనను నిలబెట్టింది.