‘వద్దు’ ఖరీదు

కామాఠీపురా పేరు వినగానే ముంబైలో అది ఏ పేటో దేశమంతా చెప్పేస్తుంది. ఆ పేరులో మనవాళ్ళున్నారన్న సంగతి మాత్రం చాలామందికి తెలీదు. 18వ శతాబ్దం చివర్నుంచీ తెలుగు ప్రాంతాల నుంచి వలసవెళ్ళి, ఆ నగరంలో ఇళ్ళూ రోడ్లూ కట్టిన కూలీలని అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్ళు కాపురాలున్న చోటు కామాఠీపురా. అంటే ఆ పేట ముందు కూలీలది. ఇక్కడ పుట్టిన ఒక ప్రశ్నని తెలుగులో ఆలోచించడం నాకు కొత్తగా అనిపించలేదు.

ఆఫీసు పనిమీద ముంబై వెళ్ళినప్పుడు ఓ రాత్రి గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగి, ఒకప్పటి ఫాక్‌లాండ్ రోడ్డు వెంట నడిచాను. చాయ్ దుకాణాలు, పాత సినిమాహాళ్ళు, గుమ్మాల ముందు నిలబడ్డ ఆడవాళ్ళు. ఒకామె కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట బేరమాడి, ధర కుదరక ‘వద్దులే’ అన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ తన గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అలాంటి వీధిలో దారినపోయేవాడు చూపు ఎక్కడ పెట్టుకోవాలి? చూస్తే ఆమె ఒక వింత అవుతుంది. మొహం తిప్పుకుంటే ఒక మురికి అవుతుంది. రెండిట్లోనూ మనం ఆలోచిస్తున్నది మన కళ్ళ గురించే.

మన చట్టం గోలా చాలావరకు ఇదే. 1956లో వచ్చిన పీటా చట్టం ప్రకారం ఒక వయోజనురాలు తన ఇష్టంతో ఈ పని చెయ్యడం దానికదే నేరం కాదు. వ్యభిచార గృహం నడపడం నేరం. నలుగురికీ కనబడేలా పిలవడం నేరం. గుడికీ, బడికీ, ఆస్పత్రికీ 200 మీటర్లలోపు చెయ్యడం నేరం. ఈ చివరి రెండూ కాపాడుతున్నది ఎవర్ని? ఆమెని కాదు, అటుగా వెళ్ళే మన కళ్ళని.

‘సరే, అయితే దగ్గరగా చూద్దాం, అర్థం చేసుకుందాం’ అనొచ్చు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ ఈ రోడ్డుకే మొదట్లో వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్ళు ఆమె మీద చెత్త వేశారు, నీళ్ళు పోశారు. ఆమె ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చింది. చివరికి 1978లో వాళ్ళతో స్నేహం కుదిరి, నెలల పాటు అక్కడే తిరిగి ఫొటోలు తీసింది. 1981లో పుస్తకం వేసింది. ఆ ఫొటోలు తియ్యొచ్చా లేదా అన్న వాదన ఇంకా ఉండొచ్చు. కానీ ఆమె ముందు ‘పో’ అనిపించుకుంది, అంటే వాళ్ళకి కాదనే అవకాశం దొరికింది. నాలాంటి ఒక్క రాత్రి బాటసారి అంతమాత్రం అవకాశం కూడా ఇవ్వడు. చూసేసి, రైలెక్కేసి, ఒక అభిప్రాయంతో ఇంటికి చేరతాడు.

ఆ అభిప్రాయాలు సాధారణంగా రెండు రకాలు. ‘పాపం, ఎవరో బలవంతంగా దింపారు’ అనేది ఒకటి. ‘తన శరీరం, తన ఇష్టం’ అనేది రెండోది. ఇంకా సాహిత్యం చదివినవాళ్ళమైతే ఆమెలో ఒక మధురవాణిని వెతుక్కుంటాం, లోకానికి బుద్ధి చెప్పే నాలుగు మాటలు ఆమె నోట వినాలని ఆశపడతాం. ఆ మాటలు ఆమె మనకేమీ బాకీ లేదు.

రెండు అభిప్రాయాల్లోనూ ఒకటే చిక్కు. రెండూ ఆమె ‘సరే’ అనడం గురించే మాట్లాడతాయి. స్వేచ్ఛని ‘సరే’తో కొలవలేం. ‘వద్దు’ అంటే ఎంత పోతుందో దాంతో కొలవాలి. నాకూ ఈఎంఐలున్నాయి, నచ్చని ప్రాజెక్టులో ఏడాది పాటు పనిచేశాను. కానీ నేను మానేస్తే పోయేది కొన్ని నెలల జీతం. తాగొచ్చిన మనిషిని ఆమె వద్దంటే ఏం పోతుంది? ఆ రోజు గది అద్దె పోవచ్చు. అప్పు ఇచ్చినవాడు తలుపు కొట్టొచ్చు. దెబ్బ తగలొచ్చు, ఆ దెబ్బకి పోలీస్ స్టేషన్‌కి వెళ్తే కేసు ఆమె మీదే పడొచ్చు. కొత్తిమీర వద్దనడానికి ఆమెకి ఏ ఖర్చూ లేదు. గుమ్మం దగ్గర వద్దనడానికి ఉన్న ఖర్చు ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, ఎవరికెంతో వీధిలో నిలబడి చూస్తే తెలీదు. వీధికి కనబడేది ‘సరే’ మాత్రమే.

అందుకే ఈ విషయంలో నాకు పెద్ద సిద్ధాంతాల కన్నా చిన్న కాగితాలు ముఖ్యమనిపిస్తాయి. లాక్‌డౌన్ ఏడాది, 2020 సెప్టెంబర్లో, గుర్తింపు కార్డులు అడక్కుండా సెక్స్ వర్కర్లకి రేషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 మేలో నివాస రుజువు లేకపోయినా వాళ్ళకి ఆధార్ ఇవ్వాలంది. అదే ఉత్తర్వులో, ‘రక్షణ’ పేరుతో వాళ్ళ దృశ్యాలు ప్రసారం చేసే చానళ్ళ మీద రహస్యంగా తొంగిచూసే నేరానికి వాడే సెక్షనే పెట్టాలంది. ఇంట్లో బియ్యం ఉన్న రోజు ఒక మనిషిని వద్దనడం కొంచెం తేలిక. చేతిలో గుర్తింపు కార్డు ఉంటే బ్యాంకు ఖాతా వస్తుంది, అప్పుకోసం ఒకడి కాళ్ళు పట్టుకునే అవసరం తగ్గుతుంది. ఇవేవీ ఆమెని మంచిదనో చెడ్డదనో తేల్చవు. ‘వద్దు’ ఖరీదు కాస్త తగ్గిస్తాయంతే.

ఇక చూపు సంగతి. ఏ వీధిలోనైనా ఎదురుపడ్డ మనిషిని చూసినట్టే చూసి ముందుకు నడవొచ్చు. ఆ నాలుగు అడుగుల్లో ఆమె జీవితం మనకి తెలిసిపోయిందని అనుకోకపోతే చాలు.