కొలతకు ముందే తీర్పు

పుత్తూరు దగ్గరి నారాయణవనం గురించి మన ప్రాంతంలో ఇంటింటా చెప్పుకునే కథ ఒకటుంది. పద్మావతిని పెళ్లాడదలచిన శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని, గద్దెబుట్ట పట్టుకుని ఆకాశరాజు అంతఃపురానికి వెళ్లాడు. ఎరుక చెప్పాడు. రాణి ఆ మాట నమ్మింది, పెళ్లి కుదిరింది. ఇది నిజంగా జరిగిందా అన్నది ఎవరి విశ్వాసానికి వారికే వదిలేద్దాం. మనకు ఇక్కడ కావలసింది మరొకటి. ఎరుకల స్త్రీ రాజుగారి గడప దాటగలదని, ఆమె మాటకు అక్కడ విలువ ఉంటుందని, దేవుడంతటివాడు ఆమె రూపం ధరించడానికి వెనుకాడడని ఈ కథను తరతరాలుగా చెప్పుకున్న జనం ఊహించగలిగారు. అలాంటి నేల మీదే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఎరుకలవారిలో ఎందరినో ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. మన పెద్దల్లో చాలామందికి అది అన్యాయంగా తోచలేదు. అందుకు కారణం వెతకాలి.

నేరస్థ జాతుల చట్టం 1871లో ముందు ఉత్తరాదిన వచ్చింది. మద్రాసు రాజధానికి దాన్ని 1911లో వర్తింపజేశారు. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. పేరు నమోదైనవారు వేలిముద్రలు ఇవ్వాలి. అధికారి ఆదేశిస్తే చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి. మకాం మారిస్తే తెలియజేయాలి. సెటిల్మెంటు అనే నిఘా నివాసంలో పెడితే దాని గీత దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఇంత యంత్రాంగంలో ‘నువ్వేం చేశావు’ అన్న ప్రశ్నకు చోటే లేదు. ‘నువ్వెవరి బిడ్డవు’ అన్న ఒక్క ప్రశ్నతో పని ముగిసేది.

ఈ చట్టం వెనక ఉన్న వాదన ఏమిటి? భారతదేశంలో వృత్తులు పుట్టుకతో వస్తాయి, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, కాబట్టి దొంగల కొడుకులు దొంగలే అవుతారని 1871లో దాన్ని సమర్థించినవారు వాదించారు. జాతుల హెచ్చుతగ్గుల సిద్ధాంతం ఐరోపా నుంచి ఓడల్లో దిగుమతి అయిందని మనం అంటూ ఉంటాం. అది సగమే నిజం. పుట్టుకే మనిషి పనిని, గుణాన్ని నిర్ణయిస్తుందన్న నమ్మకం ఇక్కడ ఎప్పటి నుంచో పాతుకుపోయి ఉంది. వచ్చినవాళ్లు దాన్ని మన దగ్గరే అరువు తెచ్చుకుని, శాస్త్రం అన్న ముద్ర వేసి మనకే తిరిగి ఇచ్చారు. ఊరి మునసబుల సాయం లేకపోతే ఈ చట్టం ఒక్క రోజు కూడా నడిచేది కాదు. తప్పంతా పరాయివాడిదే అనుకుంటే మన పరిశీలన అక్కడితో ఆగిపోతుంది.

ఇక ఆ శాస్త్రం సంగతి. ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో భాగించి, నూరుతో హెచ్చవేస్తే వచ్చే అంకెను నాసికా సూచిక అన్నారు. ఆ అంకె తగ్గేకొద్దీ మనిషి సామాజిక హోదా పెరుగుతుందని, బెంగాల్‌లోనూ ఉత్తరాదినా సేకరించిన కొలతల ఆధారంగా హెర్బర్ట్ రిస్లే 1891లో ప్రకటించారు. పదేళ్ల తర్వాత 1901 జనాభా లెక్కలను నడిపిందీ ఆయనే. దక్షిణాదిన ఈ కొలతల పని చేపట్టినవారు ఎడ్గార్ థర్స్టన్. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉండి, కె. రంగాచారి తోడ్పాటుతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలను 1909లో వెలువరించారు. తల, ముక్కు, ఎత్తు కొలిచే పరికరాలు, చర్మం రంగును సరిచూసే సాధనం వెంటబెట్టుకుని ఆయన ఊరూరా తిరిగారు. వయనాడులోని పణియ స్త్రీలు ఆయన్ని చూసి భయపడ్డారట. తమలో బాగున్నవాళ్లను ఎంచి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని అనుకున్నారట. ఆయన దాన్ని వింత భయంగానే రాసుకున్నారు. నిదానంగా ఆలోచిస్తే ఆ స్త్రీలు అంత పొరబడ్డారని అనిపించదు. తమ మాట ఆయనకు అక్కర్లేదని, తమ దేహాల కొలతలతోనే ఆయనకు పనని వాళ్లు సరిగ్గానే గ్రహించారు.

థర్స్టన్‌కూ న్యాయం చేయాలి. ఆ సంపుటాల్లో పెళ్లితంతుల గురించి, తిండి గురించి, పనిముట్ల గురించి మరెక్కడా దొరకని వివరాలున్నాయి. కొలతలూ కల్పితాలు కావు. ఒక మనిషి ముక్కు అంత వెడల్పు ఉందంటే ఉన్నట్టే. చిక్కంతా ఆ అంకె నుంచి హోదాకు, గుణానికి వేసిన గెంతులో ఉంది. ముక్కు కొలతకూ మనిషి నిజాయితీకీ మధ్య ఏ వంతెనా లేదు. ఉందని ముందే నమ్మినవాళ్లకే అది కనిపించింది.

కులాల గురించి రాసినవారు మన దగ్గరా ఉన్నారు. చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆర్థర్ కాక్స్ రాసిన ఆ జిల్లా మాన్యువల్‌ను 1890లలో సవరించి మళ్లీ వెలువరించిన అధికారి హెరాల్డ్ స్టూవర్ట్. మద్రాసు రాజధానిలో 1891 జనాభా లెక్కల నివేదికా ఆయనదే. తర్వాత ఆయన గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడయ్యారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఎరుకల సెటిల్మెంటుకు ఆయన పేరే పెట్టారు. అదే స్టూవర్టుపురం. కులాల గురించి రాసిన చేతికీ, కులాలను కట్టడి చేసిన చేతికీ అంత దూరం లేదు.

ఒక మాటను శాస్త్రమని ఎప్పుడు ఒప్పుకోవాలి? ఫలానాది కనిపిస్తే నా మాట తప్పని ఒప్పుకుంటాను అని చెప్పగలిగినప్పుడు. పుట్టు నేరస్థుడు అన్న సిద్ధాంతాన్ని ఈ పరీక్షకు నిలబెట్టి చూద్దాం. ఎరుకల యువకుడు దొంగతనం చేస్తే అది రక్తగుణానికి రుజువు. చేయకపోతే ఇంకా దొరకలేదని అర్థం, లేదంటే సెటిల్మెంటు కట్టుదిట్టం ఫలించిందని అర్థం. అతను ఎలా బతికినా ఆ సిద్ధాంతం ఓడిపోదు. ఏం జరిగినా ఓడని సిద్ధాంతానికి కొలబద్దలు దేనికి? తీర్పు కొలతకు ముందే రాసి ఉంది.

అసలు కారణాలు మాత్రం కళ్లెదుటే ఉన్నాయి. ఉప్పు ఎరుకలవారు తరాల తరబడి గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేరవేసి, ధాన్యం తీసుకుపోయేవారు. ఉప్పు మీద కుంపిణీ గుత్తాధికారం వారి బేరాన్ని దెబ్బతీసింది. మిగిలిన దాన్ని రైలు లాక్కుంది. మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా రాయచూరు దాకా సాగిన రైలుమార్గం బొంబాయి నుంచి వచ్చిన మార్గంతో కలిసింది 1871లో, అంటే ఆ చట్టం పుట్టిన ఏడాదే. ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో బుట్టలల్లే వెదురుకూ ఆంక్షలు మొదలయ్యాయి. బతుకుదెరువు పోయిన మనిషి ఊరి చివర తచ్చాడుతూ కనిపిస్తే, అతని బతుకు ఎవరు తీశారని అడగడం కష్టం. అతని రక్తంలోనే ఏదో ఉందనడం తేలిక. ఇలాంటి అబద్ధపు శాస్త్రానికి దొరికే ఆదరణకు మూలం ఇదేనని నాకు అనిపిస్తుంది. అది మన చేతులకు అంటిన మట్టిని ఎదుటివాడి పుట్టుకకు పూస్తుంది.

అమెరికాకు వలస వచ్చిన కుటుంబాల్లో వేలాది మంది తలలు కొలిచి, అక్కడ పుట్టిన పిల్లల తల ఆకారం తల్లిదండ్రుల తీరుకు భిన్నంగా ఉందని మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ సరిగ్గా మద్రాసుకు ఆ చట్టం వచ్చిన రోజుల్లోనే చూపించారు. జాతికి చెరగని గుర్తు అనుకున్నదే పరిసరాలను బట్టి మారిపోతోందన్నమాట. తర్కం తన తప్పును తానే దిద్దుకోగలదని దీన్నిబట్టి ధైర్యం తెచ్చుకోవచ్చు. కానీ న్యూయార్కులో కొలబద్ద పక్కన పెట్టమన్న ఫలితం వచ్చే సమయానికి మద్రాసులో వేలిముద్రల రిజిస్టరు తెరుచుకుంది. శాస్త్రం నిదానంగా నడుస్తుంది. అది తేల్చేదాకా ఆగమంటే ఈలోగా నలిగిపోయిన బతుకులకు జవాబు ఎవరు చెబుతారు?

ఇక్కడే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. అంబేడ్కర్ 1948లో అంటరానివారి మూలాల గురించి రాస్తూ, ప్రచురితమైన నాసికా కొలతలనే ముందు పెట్టుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేరువేరు జాతులు కారని వాదించారు. ప్రత్యర్థి కత్తితోనే ప్రత్యర్థిని ఓడించిన వాదన అది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ విదేశీ సహచరులతో కలిసి 2009లో ప్రచురించిన జన్యు అధ్యయనం మరో మెట్టు ఎక్కింది. మన దేశంలో దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనాల కలయికేనని తేల్చింది. అయితే ఆ కలయిక పాళ్లలో తేడాలున్నాయని కూడా చెప్పింది. ఆ తేడాను పట్టుకుని పాత నిచ్చెనను మళ్లీ నిలబెట్టాలని చూసేవారు ఇవాళా ఉన్నారు. కాబట్టి మనం నిజాయితీగా అడగాలి. రేపు ఏదో పరిశోధన ఒక సమూహానికీ ఇంకో సమూహానికీ మధ్య ఏదో సగటు తేడా చూపిస్తే, మనుషుల సమానత్వాన్ని వెనక్కి తీసుకుంటామా?

‘తీసుకోం’ అని అనగలిగితే, మన సమానత్వం ప్రయోగశాల ఇచ్చింది కాదని ఒప్పుకున్నట్టే. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడికి లెక్కలు వస్తాయి, ఇంకొకడికి రావు. అంతమాత్రాన రెండోవాడి కంచంలో అన్నం తగ్గించే తల్లి లేదు. తేడా ఉందన్నది సమాచారం. ఆ తేడాను బట్టి ఎవరితో ఎలా మెలగాలన్నది మనం చేసే నిర్ణయం, దానికి బాధ్యత కూడా మనదే. ఆ బాధ్యతను అంకెల మీదికి తోసేయడం తర్కాన్నీ, అంతరాత్మనూ ఒకేసారి మోసగించడమే. అలాగని శాస్త్రానికి ఇందులో పని లేదని కాదు. అబద్ధపు కొలతను బయటపెట్టగలిగేది నిజమైన కొలతే. ఆ పైన ఏం చేయాలో మాత్రం అది చెప్పలేదు.

నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లోనే రద్దు చేసింది. దేశమంతటా ఏం చేయాలో పరిశీలించడానికి కేంద్రం 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. సంప్రదాయ వైష్ణవ కుటుంబం నుంచి వచ్చి, తర్వాత లోక్‌సభ స్పీకరు అయిన మనిషి. చట్టాన్ని రద్దు చేయాలని, దాని స్థానంలో కులమూ మతమూ పుట్టుకా చూడకుండా, పదే పదే నేరం చేసినట్టు రుజువైనవారికి మాత్రమే వర్తించే చట్టం ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆ జాతులకు విముక్త జాతులన్న పేరు వచ్చింది. అలవాటు నేరస్థుల చట్టాలు మాత్రం మిగిలాయి. వాటి నీడ మళ్లీ ఆ కులాల మీదే పడుతూ వచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. విముక్త జాతుల వారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడరాదంది. రద్దుకూ ఈ తీర్పుకూ మధ్య డెబ్బై రెండేళ్లు గడిచాయి.

ఇప్పటికీ ఊళ్లో ఇంటి తాళం పగిలితే, సాక్ష్యం దొరక్కముందే కొన్ని పేర్లు నోటికొస్తాయి. ‘వాళ్ల రక్తం అంతేలే’ అన్న మాట చదువుకున్నవాళ్ల నుంచీ వింటాం. కాస్త ఆధునికంగా ఉండాలనుకునేవాళ్లు రక్తం బదులు జీన్స్ అంటారు. స్టేషన్లో అయినా, రచ్చబండ దగ్గరైనా, అనుమానితుల జాబితాలో ఒక పేరు రాసేవారు దాని పక్కన ఆ మనిషి చేసిన పని ఏమిటో రాయగలగాలి. రాయలేకపోతే పేరు కొట్టేయాలి. తిరుచానూరు మనిషి నాయకత్వంలో ఆ కమిటీ అడిగినదాని సారం ఇంతే.